ఆట మధ్యలో ఆరిపోతున్న నీ కంప్యూటర్ గురించి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. ఆట మొదలుపెట్టిన కాసేపటికి కంప్యూటర్ టక్కున ఆరిపోతోందనీ, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామనుకుంటున్నాననీ రాశావు. ఇప్పుడే కొనకు నాన్నా. తేడా ఎక్కడుందో తెలియకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ముందు అది ఆరిపోయే తీరు చూడు. బొమ్మ బిగుసుకుపోయి, మాట్లాడుతున్న గొంతు ఒకే అక్షరం దగ్గర గీరుకుంటూ ఉండిపోతే అది ఒక రకం. నీలం తెర వచ్చి రీస్టార్ట్ అయితే ఇంకో రకం. ఈ రెండింటికీ ఎక్కువగా డ్రైవర్ సాఫ్ట్‌వేరో, ర్యామో, ఓవర్‌క్లాకింగో (చిప్‌ని మామూలుకన్నా ఎక్కువ వేగంతో నడపడం) కారణమవుతాయి. ఫ్యాన్లూ లైట్లూ సహా అంతా ఒక్క క్షణంలో, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు పోతే మాత్రం అది వేడి గానీ కరెంటు గానీ. నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఈ మూడో రకమే అనిపిస్తోంది. కానీ ఒకసారి నిర్ధారించుకో. నీలం తెర కంటపడకముందే విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అయిపోతుంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆటోమేటిక్ రీస్టార్ట్ దగ్గరున్న టిక్ తీసెయ్.

ఆ తర్వాత విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరువు. ఆరిపోయిన వేళకి కెర్నెల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఒక ఎంట్రీ ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. అది కారణం కాదు, క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న గుర్తు, అంతే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే నీలం తెర నమోదు కాలేదన్నమాట. దగ్గర్లోనే వీయా-లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల్ని రాసేది) ఎంట్రీ ఉంటే ప్రాసెసర్ మీద అనుమానం పెట్టుకో. బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్ తెర) చేసిన మార్పులన్నీ తీసేసి డిఫాల్ట్‌కి తెచ్చి చూడాలి.

ఇక వేడి సంగతి. ప్రాసెసర్ వేడెక్కగానే ఆరిపోదు, ముందు తన వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లు చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95. అలా తగ్గించుకున్నా వేడి అదుపులోకి రానప్పుడే తనను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. అంటే వేడే కారణమైతే అంతకుముందు ఆట నత్తనడక నడవడం, ఫ్యాన్లు హోరెత్తడం నీకు తెలుస్తాయి. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్ల లాగింగ్ ఆన్ చేసి ఆడు. ఆరిపోయాక ఆ ఫైలు చివరి వరస చూస్తే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అప్పుడు ఎంత వేడి మీద ఉన్నాయో ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు 80 దాటిందని బెంగపడకు, చాలా కార్డులకి అది మామూలే.

అంకెలు నిజంగానే హద్దుల దగ్గరుంటే దుమ్ము దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో ఆపి పట్టుకో, విచ్చలవిడిగా తిరగనివ్వకు. కూలర్ నాలుగు మూలలా బిగుతుగా కూర్చుందో లేదో చూడు. లిక్విడ్ కూలర్ అయితే పంపు తిరుగుతోందో లేదో చూడు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు పాతదైపోతే తుడిచి కొత్తది పెట్టు.

వేడి మామూలుగా ఉండి కూడా ఆరిపోతోందా? అయితే నా అనుమానమంతా ఎస్‌ఎంపీఎస్ మీదే, అంటే కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు అందించే పెట్టె మీదే. దాని మీద రాసిన వాట్లని, లోపలి సామాను తీసుకునే వాట్లతో పోల్చి లెక్క సరిపోయిందనుకుంటారు. అసలు చిక్కు ఆ లెక్కకి అందదు. గ్రాఫిక్స్ కార్డు కరెంటుని ఒక్క తీరున తీసుకోదు. 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 లాంటిది మిల్లీసెకన్లలో వచ్చిపోయే గుంజుడులో ఆ 320ని బాగా దాటిపోతుంది. ఆ గుంజుడుని ఎస్‌ఎంపీఎస్ ప్రమాదమనుకుంటే తన రక్షణ కోసం కట్టేసుకుంటుంది. రెండు సెకన్లకోసారి రాసుకునే లాగ్‌లో ఇది కనపడదు. 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడుని తట్టుకోవాలని నియమం పెట్టింది ఇందుకే. ఆరిపోయాక పవర్ బటన్ నొక్కినా లేవక, వెనక స్విచ్ ఆపి వేస్తేనే లేస్తోందా? అలాగైతే రక్షణ పనిచేసిందనడానికి అది గట్టి ఆనవాలు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించొచ్చు. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్ మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించు, ఆటలో సెకనుకి గీసే ఫ్రేములు 60 దాటకుండా కట్టెయ్. మెనూ తెరల్లో కూడా కట్టెయ్, హద్దు లేకపోతే ఖాళీ మెనూలోనే కార్డు వందల ఫ్రేములు గీస్తూ కరెంటు లాగేస్తుంది. అలా రెండు మూడు రోజులు ఆరిపోకుండా ఆడగలిగితే దారి దొరికినట్టే. తర్వాత లిమిట్ మళ్లీ పూర్తిగా పెట్టి, ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో ప్రాసెసర్‌ని ఒక్కదాన్నే పూర్తి వేగంతో తోలు. అది ఆపి ఫర్‌మార్క్ అనే ఇంకో దానితో కార్డుని ఒక్కదాన్నే తోలు. ఆ తర్వాత రెండూ కలిపి తోలు. విడివిడిగా నిలబడి, రెండూ కలిసినప్పుడే పడిపోతే ఎస్‌ఎంపీఎస్ మోయలేకపోతోందని అర్థం. ఈ పరీక్షలప్పుడు పక్కనే కూర్చో, వేడి అంకెలు చూస్తూ ఉండు.

అయినా సరే, దాన్ని మార్చేముందు తీగలు చూడు. కార్డుకి రెండు 8-పిన్ సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి కేబుళ్లు వెయ్యి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్నాయి కదా అని సర్దుకోకు. 8-పిన్ ఒక్కోదానికి లెక్క 150 వాట్లు, కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాటు నుంచి 75. ప్రతి కనెక్టరూ క్లిక్ మనేదాకా నొక్కు. యూపీఎస్ మీదో, నాలుగు వస్తువులు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదో నడుపుతుంటే ఒకపూట నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఆడు. చిన్న యూపీఎస్ లోడు మోయలేక వదిలేసినా పైకి అచ్చం ఇలాగే ఉంటుంది.

ర్యామ్ వల్ల ఇలా ఒక్కసారిగా పవర్ పోవడం అరుదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి ఒకసారి ఆడి చూడు, చాలు.

చివరికి ఎస్‌ఎంపీఎస్సే అని తేలితే, వీలైతే స్నేహితుడి దగ్గర మంచిది ఒకటి ఒక రోజుకి అడిగి తగిలించి చూసుకున్నాకే కొను. పాతదాన్ని బాగుచేద్దామని మూత విప్పకు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో. పాతది మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీసే రకం) అయితే దాని కేబుళ్లన్నీ పూర్తిగా పీకేసి కొత్తదానితో వచ్చినవే వెయ్యి. సాకెట్ ఒకేలా పట్టినా పిన్నుల వరస కంపెనీకో తీరుగా, ఒక్కోసారి మోడల్‌కో తీరుగా ఉంటుంది. తప్పు కేబుల్ వేస్తే స్విచ్ వేసిన క్షణాన హార్డ్ డిస్కులు కాలిపోతాయి, వాటిలోని ఫొటోలూ పోతాయి.

లాగింగ్ ఫైలు వచ్చాక చివరి పది వరసలూ నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న