టెక్ సందేహాలు: మీ ఊపిరి లెక్క మీకు చూపించని యంత్రం కొనకండి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కొన్నాళ్లుగా ఒకే ఫిర్యాదు పదేపదే కనిపిస్తోంది. నిద్ర పరీక్షలో స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు) అని తేలింది, డాక్టరు సీప్యాప్ (మాస్కు ద్వారా ప్రెజర్‌తో గాలి పంపే యంత్రం) వాడమన్నారు, దుకాణంలో చేతికిచ్చిన యంత్రం తెచ్చుకున్నారు, వారం తిరగకుండానే అది అలమర ఎక్కింది. చికిత్స సంగతి చెప్పవలసింది డాక్టర్లే. అయితే ఇది మోటారు, సెన్సర్లు, సాఫ్ట్‌వేర్ కలిసిన పరికరం. చాలా మోడళ్లలో కొన్నవారికి తెలియకుండా, ఫోను నెట్‌వర్క్ మీద డేటా పంపే ఒక మొబైల్ మోడెమ్ కూడా లోపల ఉంటుంది. ఫోను కొనేటప్పుడు వంద ప్రశ్నలు వేసేవాళ్లు, రాత్రంతా ముక్కుకు తగిలించుకునే దాని దగ్గర ఒక్క ప్రశ్న కూడా వేయడం లేదు. అందుకే ఈసారి మొత్తం దీనికే.

నాకు ఏహెచ్‌ఐ 34 వచ్చింది. దుకాణంలో రెండు యంత్రాలు చూపించారు. ఒకటి మామూలుది, రెండోది ఆటో. మామూలుది చాలంటున్నారు. ఏది తీసుకోమంటారు?

గంటకు సగటున 34 సార్లు మీ ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగిపోయిందనో, బాగా సన్నగిల్లిందనో ఆ అంకెకు అర్థం. 30 దాటితే తీవ్రమైనదిగా లెక్క. కాబట్టి మోడళ్లు పోల్చుకుంటూ నెలలు గడపకండి.

మామూలు సీప్యాప్ రాత్రంతా ఒకే ప్రెజర్‌తో గాలి పంపుతుంది. ఆటో యంత్రం మీ ఊపిరి తీరు గమనిస్తూ, డాక్టరు చెప్పిన హద్దుల మధ్య ప్రెజర్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ ప్రెజర్ అవసరమయ్యేవారికి, బరువు పెరుగుతూ తగ్గుతూ ఉండేవారికి ఆటో అనువైనది. పైగా ఆటోను ఒకే ప్రెజర్‌కు కట్టేసి మామూలు దానిలా వాడుకోవచ్చు, మామూలుదాన్ని మాత్రం ఆటోగా మార్చుకోలేం. గుండె వైఫల్యం ఉన్నవారికి, ఊపిరి తీసుకోమనే సంకేతం మెదడు నుంచే అందని సెంట్రల్ అప్నియా ఉన్నవారికి ఆటో తగకపోవచ్చు. ఆ నిర్ణయం దుకాణం వారిది కాదు.

ఇక్కడ అమ్మేవారి నిర్లక్ష్యం నాకు బొత్తిగా మింగుడుపడదు. సాధారణంగా ఈ యంత్రాల హద్దులు 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే పెట్టెలోంచి తీసి ఇచ్చేస్తున్నారు. 4 దగ్గర మొదలుపెడితే చాలామంది పెద్దవాళ్లకు గాలి చాలక ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. మొదటి రాత్రే మాస్కు పీకేసి ‘ఇది నాకు పడదు’ అనేస్తారు. మందుల చీటీలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయించుకోండి. ఆ అంకెలు యంత్రంలో పెట్టారో లేదో మీ ఎదుటే తెర మీద చూపించమనండి.

తర్వాత అడగవలసిన ప్రశ్న: ఇది ఏమేం నమోదు చేస్తుంది? కొన్ని చవక మోడళ్లు ఎన్ని గంటలు నడిచాయో మాత్రమే రాసుకుంటాయి. ఊపిరి ఎప్పుడు ఆగింది, మాస్కు ఎంత లీకైంది, ప్రెజర్ ఎక్కడికి వెళ్లింది అన్నవేవీ ఉండవు. అలాంటి యంత్రం చికిత్స పనిచేస్తోందో లేదో మీకూ చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. ఎంత తగ్గించి ఇచ్చినా కొనకండి. ప్రతి ఊపిరి గీతను ఎస్‌డీ కార్డు మీద రాసే యంత్రం, ఆ కార్డును మీరు సొంతంగా చదువుకోగలిగే యంత్రం తీసుకోండి. తెర పెద్దదా, రంగులున్నాయా అన్నది ఏ మాత్రం లెక్కలోకి రాదు.

మాస్కు మాత్రం యంత్రం కన్నా ముఖ్యం. ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది, ముక్కును కప్పేది, ముక్కునూ నోటినీ కలిపి కప్పేది అని మూడు రకాలు. నోటితో ఊపిరి తీసేవారికి సాధారణంగా మూడోది కావాలి. కుర్చీలో కూర్చుని ముఖానికి ఆనించి చూస్తే ఏమీ తెలియదు. గాలి ఆడుతుండగా పడుకుని, రెండు పక్కలకూ దొర్లి చూడాలి. సరిపడకపోతే మార్చి ఇస్తామని ముందే రాయించుకోండి. పేస్‌మేకర్ లాంటి పరికరం శరీరంలో ఉన్నా, పక్కన పడుకునే వారికి ఉన్నా, క్లిప్పుల్లో అయస్కాంతాలున్న మాస్కు తీసుకోకండి. ఈ హెచ్చరికను పెట్టెలోని కాగితంలో చిన్న అక్షరాల్లో వేసి వదిలేస్తారు.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంది. సీప్యాప్ బదులు అదే వాడుకోవచ్చా?

కుదరదు. కాన్సంట్రేటర్ గాలిలో ఆక్సిజన్ పాళ్లు పెంచుతుంది. మూసుకుపోతున్న గొంతును తెరిచి ఉంచేది సీప్యాప్ పంపే ప్రెజర్. ఒకటి చేసే పని రెండోది చేయదు.

స్నేహితుడు తాను వాడడం మానేసిన యంత్రం ఇస్తానంటున్నాడు. దాంతోపాటు ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టె కూడా. తీసుకోవచ్చా?

పెట్టెను అక్కడే వదిలేయండి. ఓజోన్‌తోనో అతినీలలోహిత కిరణాలతోనో సీప్యాప్‌ను శుభ్రం చేస్తామనే పరికరాల భద్రత, పనితనం నిరూపణ కాలేదని మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మాస్కుకు తేలికపాటి సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు. నీటి తొట్టిలో రోజూ పాత నీళ్లు పారబోసి, కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోయండి.

యంత్రం సంగతికొస్తే, ముందు దాని సీరియల్ నంబరు తయారీదారు సైటులో వేసి రీకాల్ జాబితాలో ఉందేమో చూడండి. 2021 జూన్‌లో ఒక పెద్ద సంస్థ లక్షలాది యంత్రాలను వెనక్కి పిలిచింది. చప్పుడు వినిపించకుండా లోపల పెట్టిన పాలియురెథేన్ ఫోమ్ అరిగి, నలకలుగా రాలి, గాలి దారిలో కలిసే ప్రమాదం ఉందని తేలింది. ఓజోన్ శుభ్రత ఆ అరుగుదలను పెంచవచ్చని కూడా అప్పుడు చెప్పారు. పైకి కొత్తదానిలా మెరిసే యంత్రంలోనూ ఆ ఫోమ్ ఉండవచ్చు.

జాబితాలో లేదని తేలితే, మెనూలో మొత్తం నడిచిన గంటలు చూడండి. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి దాదాపు 2,900 గంటలు అవుతాయి. మాస్కు, గొట్టం, ఫిల్టరు కొత్తవే కొనాలి. మీ స్నేహితుడి ప్రెజర్ మీది కాదు గనుక మీ డాక్టరు చెప్పిన అంకెలు పెట్టించాలి. ఆ పైన, ఆయన ఖాతా నుంచి ఆ యంత్రాన్ని తప్పక తీయించండి. లేకపోతే మీరు నిద్రపోయే రాత్రులు ఆయన పేరు మీద సర్వర్‌కు చేరుతుంటాయి. ఆయన డాక్టరు చూసే పట్టికలో కనిపించేది మీ ఊపిరి.

యాప్‌లో రోజూ 90కి పైనే మార్కులు వస్తున్నాయి. అయినా పగలంతా మత్తుగానే ఉంటోంది. యాప్‌ను నమ్మవచ్చా?

మార్కులను నమ్మకండి. విరివిగా వాడుకలో ఉన్న ఒక యాప్‌లో 100 మార్కుల్లో 70 కేవలం ఎన్ని గంటలు పెట్టుకున్నారన్న దానికే. మాస్కు లీకు కాకపోతే 20. ఊపిరి ఎన్నిసార్లు ఆగిందన్న అసలు విషయానికి 5 మాత్రమే. గంటకు ఎన్నోసార్లు ఊపిరి ఆగుతున్న మనిషికి కూడా ఆ యాప్ శభాష్ చెబుతుంది. రోగిని ఉత్సాహపరచడానికని సమర్థించుకుంటారు. అసలు అంకెను పక్కకు నెట్టి పిల్లలకిచ్చే మార్కులు చూపించడాన్ని నేను ఒప్పుకోను.

మీరు చూడవలసినవి యంత్రం వాడుతున్నా ఇంకా మిగిలిపోయే ఏహెచ్‌ఐ, లీకు. యంత్రం వాడుతుండగా ఏహెచ్‌ఐ 5 లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. మీరు నిద్రపోయారో, కళ్లు తెరుచుకుని పడుకున్నారో యంత్రానికి తెలియదు. మాస్కు పెట్టుకున్న గంటలన్నిటితో భాగిస్తుంది. రెండు గంటలు నిద్రపట్టక దొర్లితే అంకె ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

అందుకే కార్డు తీసి గీతలే చూడమంటాను. ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకుంటే చాలు, డేటా మీ దగ్గరే ఉంటుంది. కార్డును కంప్యూటర్‌లో పెట్టే ముందు దాని అంచున ఉండే చిన్న మీటను లాక్ వైపు జరపండి. లేకపోతే కంప్యూటర్ తన సొంత ఫైళ్లు దాని మీద రాస్తుంది, ఆ తర్వాత యంత్రం కార్డు బాగాలేదని పేచీ పెట్టవచ్చు. తిరిగి యంత్రంలో పెట్టేటప్పుడు మీటను వెనక్కి జరపడం మరచిపోకండి, మరచిపోతే ఆ రాత్రి ఏదీ నమోదు కాదు. తెల్లవారుజామున లీకు గీత ఒక్కసారిగా లేచి, గంటసేపు కిందికి దిగకుండా ఉంటే మాస్కు జారిందనో, నోరు తెరుచుకుందనో అనుమానించాలి. రాత్రి మొత్తానికి వేసిన సగటు మార్కుల్లో ఆ గంట కనిపించదు. గీతలు చూసి ప్రెజర్ మీరే మార్చుకోవద్దు, డాక్టరుకు చూపించండి. ఏహెచ్‌ఐ బాగుండి కూడా మత్తు వదలకపోతే కారణం వేరే ఉండవచ్చు. అది తేలేదాకా బండి నడపకండి.

ఇక మీరు అడగని విషయం. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

మీరు మాస్కు పెట్టుకున్న నిమిషం, తీసిన నిమిషం, మధ్యలో లేచిన సమయం అన్నీ మొదట్లో చెప్పిన ఆ మొబైల్ మోడెమ్ ద్వారా బయటికి వెళ్తున్నాయి. మీ వైఫై పాస్‌వర్డ్ ఇవ్వలేదు కాబట్టి ఏమీ వెళ్లడం లేదనుకోకండి, దానికి మీ వైఫైతో పని లేదు. మీరు రాత్రి ఏ వేళకు మాస్కు పెట్టుకుని పడుకుంటారో, ఏ రాత్రి యంత్రం అసలు వాడలేదో అందులో తెలుస్తుంది. తయారీదారు సర్వర్, అమ్మిన డీలరు, ఆస్పత్రి, కొన్నిచోట్ల బీమా సంస్థ దాన్ని చూస్తాయి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధన ప్రకారం మొదటి మూడు నెలల్లో, వరుసగా 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు రుజువు కావాలి. ఆ రుజువు ఇచ్చేది యంత్రమే. అంటే చికిత్స పరికరమే హాజరు పట్టీ కూడా.

చూడడంతో ఆగడం లేదు. చాలా మోడళ్లలో దూరం నుంచే ప్రెజర్ మార్చే వీలుంది. డాక్టరు చేతిలో ఉంటే అది మేలే, రోగి ఆస్పత్రికి తిరగనక్కర్లేదు. డీలరు దగ్గర ఒకే పాస్‌వర్డును పదిమంది సిబ్బంది పంచుకుంటుంటే? మీ ముఖానికి తగిలించిన గాలి యంత్రం సెట్టింగులు ఎవరో మారుస్తారు, ఎవరు మార్చారో మీకు కబురుండదు. అప్‌డేట్లూ అంతే. రాత్రికి రాత్రి లోపలి సాఫ్ట్‌వేర్ మారిపోతుంది, ఏం మారిందో చెప్పే కాగితం ఉండదు. ఫోనుకైతే కనీసం అడిగి అప్‌డేట్ వేస్తారు. నిద్రలో ఊపిరి నిలబెట్టే యంత్రానికి ఆ పాటి మర్యాద లేకపోవడం దారుణం.

ఇంతా చేసి, ఆ డేటాను రోగికి చూపించడానికి మాత్రం వీళ్లకు మనసొప్పదు. కార్డులోని ఫైళ్ల అమరికను బయటపెట్టరు. స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు ఒక్కొక్క బైటూ కూడబలుక్కుని చదవబట్టే ఆస్కార్ లాంటివి వచ్చాయి. కొన్ని మోడళ్లు కార్డులో రాసేదాన్ని గూఢలిపిలో దాచేస్తున్నాయి. ప్రయాణాలకని అమ్మే కొన్ని చిన్న యంత్రాల్లో కార్డే ఉండదు, యాప్ చూపించినదే చూడాలి. ఊపిరి మీది, డబ్బు మీది, లెక్క మాత్రం వాళ్లది. భద్రత కోసమే అంటారు. భద్రతే కావాలంటే సర్వర్‌కు వెళ్లే దారిని మీ అనుమతితో తెరవాలి, మీ చేతిలోని కార్డును మూయడం దేనికి?

కాబట్టి డబ్బు కట్టే ముందు డీలరును అడగండి: డేటా ఎవరెవరికి వెళ్తుంది, ప్రెజర్ దూరం నుంచి ఎవరు మార్చగలరు, మార్చితే నాకు తెలుస్తుందా. జవాబు కాగితం మీద ఇమ్మనండి. యాప్ మీ కాంటాక్టులు అడిగితే ఇవ్వకండి, వాటితో నిద్రకు సంబంధం లేదు. వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డు పెట్టి, రెండంచెల ధ్రువీకరణ ఉంటే అది కూడా వేసుకోండి. సందేహం తీర్చుకోవడానికి యంత్రం ఫొటో నలుగురికీ పంపేటప్పుడు వెనక ఉన్న సీరియల్ నంబరును కప్పేయండి. కొన్ని యాప్‌లు ఖాతా తెరవడానికి అడిగేది యంత్రం మీద అచ్చేసిన అంకెలే. యంత్రం మెనూలో విమానం మోడ్ పెడితే మోడెమ్ ఆగుతుంది, కార్డు మీద రాయడం మాత్రం కొనసాగుతుంది. బీమా డబ్బుతో కొన్నవారు ఆ పని చేసే ముందు వారి షరతులు చదువుకోవాలి.

కరెంటు పోతే ఏం చేయాలి? విమానంలో బ్యాటరీ తీసుకెళ్లనిస్తారా?

కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది. ముక్కునూ నోటినీ కప్పే మాస్కులో బయటి గాలి వచ్చే ఏర్పాటు ఉంటుంది, మిగతా రకాల్లో నోటితో ఊపిరి తీసుకోవచ్చు గనుక వెంటనే ఊపిరాడకపోవడం జరగదు, కానీ చికిత్స ఆగినట్టే. బ్యాటరీ మీద నడిపేటప్పుడు నీటిని వేడిచేసే హ్యూమిడిఫయర్‌ను, వేడి గొట్టాన్ని ఆపేయండి. కరెంటు ఎక్కువగా తాగేవి ఆ రెండే. మీ యంత్రం 12 వోల్టులదో 24 వోల్టులదో చూసి, దానికి సరిపోయే డీసీ తీగతో నేరుగా కలపడం మంచిది.

విమానంలో 100 వాట్-అవర్ల లోపు లిథియం బ్యాటరీ సాధారణంగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్యదైతే ఎయిర్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి. విడి బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి, చెక్ఇన్ సామానులో వేయకూడదు. యంత్రాన్ని కూడా మీతోనే ఉంచుకోండి. సర్దే ముందు నీటి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి. సంచి అడ్డం తిరిగితే ఆ నీళ్లు నేరుగా మోటారులోకి వెళ్తాయి. అలా పాడైన యంత్రానికి వారంటీ వర్తించదంటూ రాసే ఉత్తరాలు కూడా ఈ శీర్షికకు తక్కువేమీ రావడం లేదు.