సిమ్యులేషన్ నత్తనడక నడుస్తోందా? ల్యాప్‌టాప్ మార్చే ముందు స్టెప్ సైజు గీసి చూడండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. సిమ్యులింక్‌లో (కదిలే వ్యవస్థల్ని కంప్యూటర్లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్) నాలుగు చక్రాల కారు మోడల్ కట్టారు. గంటకు 72 కి.మీ. వేగంతో వెళ్తూ అయిదో సెకనులో బ్రేకు వేస్తుంది, పదో సెకనుకు రన్ ముగియాలి. మొదటి ఏడు సెకన్లూ నిమిషంలో అయిపోతున్నాయి, మిగతా మూడింటికి నలభై నిమిషాలు పడుతోంది. ఫ్రెండ్ చెప్పాడని ఫిక్స్‌డ్ స్టెప్ (లెక్కలో టైము ఎప్పుడూ ఒకే కొలత అడుగులతో ముందుకెళ్లడం) ఒక మిల్లీసెకను పెడితే రన్ చకచకా సాగింది గానీ, కారు ఆగబోయే ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు కొట్టుకుని చివరికి ‘నాన్’ (NaN, అంకె కానిది) చూపించి ఆగిపోతోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగారు.

కొనకండి. ఆ పని సగం నేను చేసి చూశాను.

వైజాగ్‌లో ఎం.టెక్ చేసేటప్పుడు నా ప్రాజెక్టు, సింహాచలం ఘాట్ రోడ్డు దిగే వ్యాను. సస్పెన్షన్‌లో ఒక్క బుష్ (కీళ్ల దగ్గరుండే రబ్బరు తొడుగు) కూడా వదలకుండా కట్టానని గొప్పగా ఉండేది. పది సెకన్ల రన్ రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్న టిఫిన్ వేళకి కూడా అయ్యేది కాదు. ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్లి 8 జీబీ ర్యామ్‌ని 16 చేయించాను. "ఇంక రాకెట్టే సార్" అన్నాడు షాపతను. ఒక్క నిమిషం తేడా రాలేదు. మే నెల ఉక్కపోతకి వేడెక్కుతోందేమో అని ల్యాప్‌టాప్‌కి టేబుల్ ఫ్యాన్ పెట్టి నేను చెమటలు కక్కాను. అదీ దండగే.

చివరికి ల్యాబ్‌లో ఒక సీనియర్ వచ్చి, "ఏ సెకను దగ్గర నెమ్మదిస్తోంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సాల్వర్ (మోడల్ సమీకరణాల్ని అడుగు అడుగుగా లెక్కగట్టే భాగం) ఒక్కో అడుగూ ఎంత వేస్తోందో టైముకి ఎదురుగా లాగ్ స్కేలు మీద గీయించాడు. గీత పైకీ కిందకీ ఊగుతుందని నేననుకుంటే, మొదటి నుంచి చివరి దాకా మైక్రోసెకను కన్నా కిందే అతుక్కుపోయి ఉంది. "రోడ్డు మీదా ఇంతే, మలుపులోనూ ఇంతే అంటే, మోడల్లో ఎప్పుడూ ఉండే వస్తువేదో పట్టి లాగుతోంది" అన్నాడు.

ఆ వస్తువు ఇరవై గ్రాముల డమ్మీ పార్టు. రెండు బుష్‌ల మధ్య జాయింట్ కుదరక నేనే పెట్టి మర్చిపోయాను. బుష్ గట్టిదనం మిల్లీమీటరుకు 10 కిలోన్యూటన్లు, అంటే మీటరుకు కోటి న్యూటన్లు. డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) ఎంతో తెలియక, గట్టిదనంలో వందో వంతు పెట్టేయమని ఎవరో చెబితే లక్ష పెట్టాను. ఆ లక్షని 0.02 కిలోలతో భాగించండి, సెకనుకు 50 లక్షల రేటు వస్తుంది. ఓడీఈ45 లాంటి ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్ (అప్పటికి తెలిసిన విలువలతోనే తర్వాతి అడుగు వేసేది) కుదురుగా ఉండాలంటే, 3.3ని ఈ రేటుతో భాగిస్తే వచ్చేంత స్టెప్పే వెయ్యగలదు. అంటే 0.66 మైక్రోసెకన్లు. పది సెకన్లకు కోటిన్నర స్టెప్పులు! మనం చూడాలనుకునే కదలికలేమో బాడీ ఊగడం 1-2 హెర్ట్జ్, చక్రం ఎగరడం 10-15 హెర్ట్జ్. ఎవరికీ అక్కర్లేని ఇరవై గ్రాముల ముక్క కోసం వ్యాను మొత్తం ఆగి ఎదురుచూస్తోందన్న మాట. ఆ ముక్క తీసేసి దాని బరువు పక్క ఆర్మ్‌లో కలిపి, డ్యాంపింగ్ తగ్గించి, సాల్వర్ ఓడీఈ15ఎస్‌కి (ఇలాంటి ‘స్టిఫ్’ మోడళ్ల కోసమే చేసినది) మార్చాను. రాత్రంతా పట్టే రన్ టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

మీ కేసు వేరు. మీది మొదటి నుంచీ నెమ్మది కాదు, ఒక చోటు నుంచే. సెకనుకు 20 మీటర్ల (అదే మీ 72 కి.మీ.) వేగం నుంచి 0.8 జి తో (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) బ్రేకు పడితే రెండున్నర సెకన్లలో కారు ఆగుతుంది, అంటే 7.5 దగ్గర. మీరు నెమ్మదించిందంటున్నది ఏడు దాటాకే. అందుకే నా అనుమానమంతా మీ టైరు బ్లాకు మీద. లాంగిట్యూడినల్ స్లిప్‌ని (టైరు వెళ్లే దిశలో ఎంత వంతు జారుతోందో) చక్రం అంచు వేగంలోంచి బండి వేగం తీసేసి, మళ్లీ బండి వేగంతోనే భాగించి కడతాం. బండి ఆగుతున్న కొద్దీ కింద సున్నా కూర్చుంటుంది.

మీరు అంకెలివ్వలేదు కాబట్టి మామూలు కారువి వేసుకుందాం. ఒక్కో టైరు స్లిప్ స్టిఫ్‌నెస్ (స్లిప్‌కి ఎంత బలం పుడుతుందో) 80,000 న్యూటన్లు, రేడియస్ 0.3 మీటర్లు, చక్రం ఇనర్షియా (తిరిగే వేగం మారడానికి ఇచ్చే అడ్డు) 1 కిలో-చదరపు మీటరు. చక్రం స్పందించే రేటు 7,200ని వేగంతో భాగిస్తే వస్తుంది. 20 మీటర్ల వేగంలో 360, హాయిగా ఉంటుంది. 0.1 మీటరు వేగంలో 72,000. మిల్లీసెకను స్టెప్‌తో నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా అనే ఫిక్స్‌డ్ స్టెప్ పద్ధతి దాదాపు 2,780 దాకానే తట్టుకుంటుంది. ఆ గీత దాటేది 2.6 మీటర్ల వేగం దగ్గర, అంటే గంటకు 9 కి.మీ. మీ చక్రాలకు పూనకం వస్తున్నది అక్కడేనేమో ప్లాట్‌లో చూడండి. వేరియబుల్ స్టెప్ సాల్వరైతే పేలకుండా స్టెప్ కుదించుకుంటూ పోతుంది, అదే మీ నలభై నిమిషాలు. రెండు చోట్లా జబ్బు ఒకటే, ఒకచోట నత్తనడకగా, ఇంకోచోట పూనకంగా బయటపడింది.

సులువైన చిట్కా, కింద భాగించే వేగం 3 మీటర్లకు తగ్గకుండా ఆపడం. రన్ వెంటనే బాగుపడుతుంది. కానీ దీనితో నేనొకసారి నవ్వులపాలయ్యాను. ఘాట్ మీద వ్యానుని వందకు పది వాలులో చక్రాలు లాక్ చేసి ఆపాను. ప్లాట్‌లో అది మెల్లగా కొండ దిగుతోంది, నిమిషానికి సుమారు ఎనభై సెంటీమీటర్లు! ఆ మోడల్లో జారితేనే బలం పుడుతుంది, కాబట్టి వాలు మీద నిలబడాలంటే జారుతూనే ఉండాలి. చదును రోడ్డు మీద బ్రేకింగ్ దూరం చూసుకునే మీకు ఇది పెద్ద తప్పు కాదు. హిల్ హోల్డ్ (వాలులో బండి జారకుండా ఆపి ఉంచడం) లాంటిది చేసేవాళ్లకి పనికిరాదు.

ఓపికుంటే రిలాక్సేషన్ లెంగ్త్ (టైరు బలం పుంజుకోవడానికి దొర్లాల్సిన దూరం) ఉన్న టైరు మోడల్ పెట్టండి. ఇందులో టైరు సాగడాన్ని ఒక స్ప్రింగులా పట్టుకుంటాం, వేగంతో భాగించే పనే ఉండదు. రిలాక్సేషన్ లెంగ్త్ 0.3 మీటర్లనుకుంటే, ఆగి ఉన్న చక్రం ఆ స్ప్రింగు మీద ఊగేది దాదాపు 25 హెర్ట్జ్. మిల్లీసెకను స్టెప్‌కి అది లెక్కలోది కాదు. సున్నా వేగంలో ఆ ఊపు తనంతట తాను ఆగదు, కొంచెం డ్యాంపింగ్ కలపాలి. నాకైతే ఇదే సరైన మందు అనిపిస్తుంది. కేవలం స్టిఫ్ సాల్వర్‌కి మారినా మీ రన్ తొందరగా అవుతుంది గానీ, సున్నాతో భాగించడం సున్నాతో భాగించడమే కదా.

బ్రేకు టార్క్‌కి సైన్ (sign, అంటే ప్లస్సా మైనస్సా చెప్పే) ఫంక్షన్ వాడారేమో కూడా చూడండి. చక్రం ఆగాక సున్నాకి అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో స్టెప్‌కీ గుర్తు మార్చేస్తుంది. ట్యాన్‌హెచ్ (tanh) అనే నునుపైన ఫంక్షన్‌తో నునుపు చేస్తే పోతుంది, కాకపోతే నా వ్యాను జారినట్టే ఇదీ కొంచెం జారనిస్తుంది.

రోడ్డు ఫైలు ఫోను జీపీఎస్ నుంచి తీసుకునేవాళ్లకి ఒక మాట. నేనూ కొండ మీదికి స్కూటీ మీద వెళ్లి ఎత్తులు రికార్డు చేశాను. పాయింట్లని సరళరేఖలతో కలిపితే ప్రతి కలుపు దగ్గరా ఒక మొన, అక్కడ స్టెప్ సైజు గీత రంపం పళ్లలా దిగుతుంది. స్మూత్ చేసి స్ప్లైన్ (మొనలు లేని నునుపైన వంపు గీత) వెయ్యండి.

ల్యాప్‌టాప్ సంగతి రెండు ముక్కల్లో. ఇలాంటి రన్ ఎక్కువగా ఒక్క కోర్ మీదే నడుస్తుంది. ఎనిమిది కోర్లున్న మెషీన్లో టాస్క్ మేనేజర్ 12 శాతం దగ్గర చూపిస్తుంటే, ర్యామ్ పెంచినా కోర్లు పెంచినా ఒరిగేది లేదు. ఛార్జర్ పెట్టి రన్ చెయ్యండి, స్కోపులూ యానిమేషనూ మూసేయండి, రిజల్ట్స్ ఫోల్డర్ క్లౌడ్ సింక్‌లో ఉంటే బయటికి తెచ్చుకోండి.

టాలరెన్స్ (సాల్వర్ ఎంత తప్పుని ఒప్పుకోవాలో చెప్పే హద్దు) మాత్రం వదులు చేయకండి, ముందు స్టెప్ సైజు ప్లాట్ గీయండి. బాగుచేశాక చేతి లెక్కతో సరిచూడండి, 20 మీటర్ల వేగం, 0.8 జి అంటే ఆగే దూరం 25.5 మీటర్ల దగ్గర రావాలి, బ్రేకు బలం పెరగడానికి పట్టే సమయం వల్ల మీది కొంచెం ఎక్కువ వస్తుంది. స్టెప్ సగం చేసి మళ్లీ రన్ చేయండి, దూరం మారితే పాత స్టెప్ పెద్దదనే అర్థం. అప్పటికీ తేలకపోతే ఆ ప్లాటూ, టైరు బ్లాకు స్క్రీన్‌షాటూ, చక్రం ఇనర్షియా ఎంత పెట్టారో అదీ ఇక్కడే పెట్టండి. ఇనర్షియా 1 బదులు 0.01 అని పడి ఉంటే పైన నేను వేసిన చక్రం స్పందించే రేటు వంద రెట్లు పెరుగుతుంది, నాకు తెలిసి ఇలా ఇద్దరికి జరిగింది.