రెండో సగంలో అందరూ నెమ్మదించారా? మారథాన్ లెక్కలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా రన్నింగ్ గ్రూపు వాళ్లం హైదరాబాద్ మారథాన్ ఫలితాలను ఎక్సెల్‌లోకి ఎక్కించాం. ఫుల్ (42.195 కిలోమీటర్లు) పరిగెత్తినవాళ్లలో దాదాపు అందరికీ రెండో సగం నెమ్మదిగానే ఉంది. మనవాళ్లు మొదట్లో తొందరపడి చివర్లో చతికిలపడుతున్నారని అనుకోవచ్చా? ప్రపంచ రికార్డులు కొట్టేవాళ్లు రెండో సగమే వేగంగా పరిగెత్తుతారట కదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అనుకోవచ్చు గానీ ఆ మాట అనేముందు రూటు చూడండి. నెక్లెస్ రోడ్డు మీద హుస్సేన్ సాగర్ పక్కన చదునుగా మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, జూబ్లీహిల్స్ వైపు ఎత్తులు దాటుకుని గచ్చిబౌలి స్టేడియంలో తేలే పరుగు ఇది. పైగా ఆగస్టు. చీకట్లో బయల్దేరినా ఐదు గంటలు పట్టేవాళ్లకి చివరి పది కిలోమీటర్లలో ఉక్కపోత తప్పదు. ఇన్ని కారణాలు ఒకే అంకెలో కలిసిపోయి ఉంటే, మొత్తం తప్పు పరిగెత్తినవాడి తొందర మీదే వెయ్యడం అన్యాయం.

రికార్డుల సంగతి కూడా సగమే నిజం. 2023లో షికాగోలో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2:00:35కి ముగించినప్పుడు మొదటి సగం 60:48, రెండోది 59:47, అంటే మీరన్నట్టే. కానీ అంతకుముందు ఏడాది బెర్లిన్‌లో కెన్యాకే చెందిన ఎలియుడ్ కిప్‌చోగె 2:01:09తో రికార్డు కొట్టినప్పుడు మొదటి సగం 59:51, రెండోది 61:18. పైగా ఆ రెండు ఊళ్లలోనూ రూటు చదును. వాళ్ల స్ప్లిట్లను (పరుగులో ఒక్కో భాగానికి పట్టిన టైములను) మన ఫ్లైఓవర్ల మీద కొలబద్దగా పెట్టకండి.

మరి ఏం చెయ్యాలి? ప్రతి రన్నర్‌కీ రెండో సగం టైమును మొదటి సగం టైముతో భాగించండి. ఒకరికి 130 నిమిషాలు, 156 నిమిషాలు వచ్చాయనుకోండి, నిష్పత్తి 1.20. ఇప్పుడు ఆ రోజు ఫుల్ ముగించిన అందరి నిష్పత్తులకీ మీడియన్, అంటే వరసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె, తియ్యండి (సగటు వద్దు, చివర్లో నడిచినవాళ్లు దాన్ని లాగేస్తారు). అది 1.14 వచ్చిందనుకుంటే, 1.20ని 1.14తో భాగిస్తే సుమారు 1.05. అంటే ఇతను ఇరవై శాతం కుప్పకూలలేదు, అదే రోడ్డు మీద అదే ఉక్కలో పరిగెత్తిన మధ్యస్థపు రన్నర్ కంటే ఐదు శాతం ఎక్కువ నెమ్మదించాడు, అంతే. చేతనైతే 5 కిలోమీటర్ల ముక్కలకీ ఇదే చెయ్యండి, ఏ ఫ్లైఓవర్ దగ్గర ఎవరు జారారో బయటపడుతుంది. అయితే ఆ మీడియన్‌లో కూడా అందరి తొందరా కొంత కలిసే ఉంటుంది, కాబట్టి ఇది ఒకరిని మరొకరితో పోల్చడానికే పనికొస్తుంది, ఊరందరి మీదా తీర్పు చెప్పడానికి కాదు. ఎత్తు ఎంత, అలసట ఎంత అని విడదీయాలంటే ఒక దారి ఉంది. అదే ఎత్తు మీదుగా హాఫ్ మారథాన్ వాళ్లు కూడా వెళ్లి, వాళ్ల స్ప్లిట్లు మీ దగ్గర ఉంటే, కాళ్లలో తక్కువ కిలోమీటర్లతో అక్కడికి వచ్చినవాళ్లు ఎంత నెమ్మదించారో చూడండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఫలితాల పట్టికలో ఉన్నది ముగించినవాళ్లే. 30వ కిలోమీటరు దగ్గర ఆగిపోయినవాళ్లలో మొదట్లో అందరికంటే తొందరపడ్డవాళ్లు ఉండొచ్చు, కానీ వాళ్ల రెండో సగం మీ షీట్‌లో లేనే లేదు. డీఎన్ఎఫ్ (ముగించని) వాళ్ల స్ప్లిట్లు దొరికితే తప్పకుండా కలపండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో నా సగటు పేస్ (కిలోమీటరుకి పట్టిన టైము) ఒకటి వస్తోంది, అధికారిక ఫలితంలో ఇంకోటి ఉంది. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: టెన్షన్ ఎందుకండీ, చాలామంది పడే గుంటే. 6:24 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఆరు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు అనుకోదు, ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలు అనుకుంటుంది. అన్నీ సెకన్లలోకి మార్చుకుని లెక్కలు చేసి, చివర్లో మళ్లీ నిమిషాల్లోకి తెచ్చుకోండి. మీరు స్ప్లిట్ల పేస్‌లకి సగటు తీశారేమో కూడా చూడండి. చివరి ముక్క 2.195 కిలోమీటర్లే, దానికి 5 కిలోమీటర్ల ముక్కతో సమాన ఓటు ఇస్తే లెక్క తేడా వస్తుంది. మొత్తం టైమును 42.195తో భాగించడమే సరైన పద్ధతి. గన్ టైమా (పరుగు మొదలైన క్షణం నుంచి లెక్క), చిప్ టైమా (మీరు స్టార్టు గీత దాటినప్పటి నుంచి లెక్క) అన్నది ఒకసారి చూసుకోండి, వెనక వరసలో నిలబడ్డవాళ్లకి ఆ రెండింటికీ నిమిషాల తేడా ఉంటుంది. దారిలో పరిచిన టైమింగ్ మ్యాట్ రన్నర్ చిప్‌ను పట్టుకోకపోతే ఆ గడి ఖాళీగా వస్తుంది, దాన్ని ఖాళీగానే ఉంచండి, సున్నా పెట్టకండి. ఖాళీ ఉంది కదా అని ఎవరినీ షార్ట్‌కట్ కొట్టారని అనొద్దు.

ప్రశ్న: మా ఊరి మారథాన్‌లో ఏటా సగటు టైము పెరుగుతూ పోతోంది. మనవాళ్ల ఫిట్‌నెస్ తగ్గుతోందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వచ్చేవాళ్లు మారుతున్నారు, ముందు అది చూడండి. న్యూయార్క్‌నే తీసుకోండి. 1970లో మొదటి మారథాన్‌లో 127 మంది బయల్దేరితే 55 మందే ముగించారు, బయల్దేరిన ఒకే ఒక్క మహిళ అస్వస్థతతో మధ్యలో ఆగిపోయింది. 2019లో ముగించినవాళ్లే 53 వేల పైచిలుకు. ఆ యాభై మంది సగటునీ ఈ యాభై వేల మంది సగటునీ పక్కపక్కన పెట్టి అమెరికా నీరసించిందంటే నవ్వుతారు. మొదటిసారి పరిగెత్తేవాళ్లు, యాభై దాటినవాళ్లు ఎక్కువగా వస్తే సగటు పెరుగుతుంది, అది మంచి వార్తే.

నిజంగా ఫిట్‌నెస్ తెలుసుకోవాలంటే రెండేళ్లూ పరిగెత్తినవాళ్లనే తీసుకుని పోల్చాలి. అసలు తలనొప్పి అక్కడే. ఒకే మనిషి ఒక ఏడు ఇంటిపేరు ముందు రాస్తాడు, ఇంకో ఏడు వెనక రాస్తాడు, ఇంకోసారి ఒక్క ఇనీషియల్‌తో సరిపెడతాడు. లక్ష్మికి ఇంగ్లీషు స్పెల్లింగులు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. ఏజ్ కేటగిరీ కూడా మారిపోతుంది. పేరుతో పాటు వయసు, క్లబ్బు, సుమారు టైము కూడా కలిపి చూసి, అనుమానం ఉన్నవి వదిలెయ్యడమే మేలు. 5కే లాంటి సరదా పరుగులకి చాలాచోట్ల చిప్ ఉండదు, కాబట్టి అక్కడ పరిగెత్తిన వేలమంది మీ పట్టికలో కనిపించరు. ఆడవాళ్ల శాతం లెక్కెయ్యబోతుంటే ఇది మరీ గుర్తుపెట్టుకోండి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి, 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని 14 మారథాన్ల నుంచి దాదాపు 92 వేల ఫలితాలు చూస్తే, మగవాళ్లు రెండో సగంలో 15.6 శాతం నెమ్మదించారు, ఆడవాళ్లు 11.7 శాతమే. మీ షీట్‌లో ఇద్దరినీ వేరువేరుగా చూడండి, మీ గ్రూపులో మగవాళ్లకి కాస్త చూపించండి కూడా.

ప్రశ్న: మా ఫలితాల పట్టికలో 4 గంటలకి సరిగ్గా ముందు ముగించినవాళ్లు ఒక గుంపు, తర్వాత ఒక్కసారిగా ఖాళీ. ఏదైనా మోసమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మోసం కాదు, పట్టుదల. దాదాపు కోటి ఫలితాల మీద చేసిన ఒక పరిశోధనలో 3 గంటలు, 4 గంటలు లాంటి రౌండు అంకెలకి ముందు ఇలాగే గుమిగూడటం కనిపించింది. కిలోమీటరుకి 5:41 పట్టుకుని పరిగెత్తే 4 గంటల పేసర్ (ఆ టైముకి చేరేలా ఒకే వేగంతో ముందు పరిగెత్తే మనిషి) వెనక పడి వచ్చేవాళ్లు దీనికి తోడు. ఒక పని చేసి చూడండి. ఆ గుంపులో ఉన్నవాళ్ల చివరి 2.195 కిలోమీటర్ల పేస్‌ని అంతకుముందు 5 కిలోమీటర్లతో పోల్చండి. 4:00 లోపు దూరినవాళ్లలో ఎక్కువమంది అక్కడ వేగం పెంచి ఉంటారు. అవకాశం జారిపోయిందని తెలిసినవాళ్లు మాత్రం 4:03కో 4:06కో తీరిగ్గా వచ్చి ఉంటారు.