పండ్ల కంపెనీలో మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి డోల్ లాంటి పెద్ద పండ్ల కంపెనీలో పనిచేయాలని ఫుడ్ టెక్నాలజీ చదువుతానంటోంది. పండ్లు అమ్మడానికి డిగ్రీ ఎందుకు? డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: కోర్సుల పేర్లు మారతాయి కానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నలుగురూ వెళ్లే దారి వదిలేస్తే పిల్ల ఎక్కడ ఇరుక్కుపోతుందో అన్నదే మీ టెన్షన్. సరే, ముందు ఆ 'పండ్లు అమ్మడం' ఏమిటో చూద్దాం.

దూరదేశాలకు పంపే అరటిని పచ్చిగా ఉండగానే కోస్తారు. ఓడలో 13, 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. అంతకన్నా చల్లబడితే తొక్క రంగు చెడి, కాయ సరిగా పండదు. వేడెక్కితే దారిలోనే మగ్గిపోతుంది. ఓడ దిగాక ఇథిలీన్ వాయువు పెట్టి, అమ్మే రోజుకు సరిపోయేలా మగ్గబెడతారు. అనాసకు ఇది కుదరదు. కోశాక ఇంక తీపెక్కదు కాబట్టి ఎప్పుడు కోయాలో తెలియడమే అక్కడ అసలు విద్య. జేమ్స్ డోల్ 1901లో హవాయిలో కంపెనీ పెట్టి అనాసను డబ్బాల్లో నింపి అమ్మాడు. తొక్క తీసి, నడిమి గట్టి భాగాన్ని తొలిచే యంత్రాన్ని ఆ కంపెనీ కోసం 1911లో తయారుచేసిన హెన్రీ గినాకా ఒక ఇంజినీరు. ఇందులో చదువు అక్కర్లేని పని ఏదో మీరే చెప్పండి.

ఒక్క విషయం మాత్రం మీ అమ్మాయి తేల్చుకోవాలి. డోల్ పేరుతో ఇప్పుడున్నవి రెండు వేర్వేరు వ్యాపారాలు. డబ్బా పండ్లు, రసాల వ్యాపారాన్నీ, ఆసియాలోని తాజా పండ్ల వ్యాపారాన్నీ 2013లో జపాన్‌కు చెందిన ఇటోచు కొనుక్కుంది. మిగిలిన తాజా పండ్ల భాగం 2021లో ఐర్లాండ్‌కు చెందిన టోటల్ ప్రొడ్యూస్‌తో కలిసి డోల్ పీఎల్‌సీ అయింది. డబ్బాల వైపు మనసుంటే ఫుడ్ టెక్నాలజీ సరైనదే. తోటల వైపు ఉంటే ఉద్యాన శాస్త్రం, మొక్కల తెగుళ్లు చదవాలి. ఒకప్పుడు ఎగుమతి అరటి అంటే గ్రోస్ మిషెల్ అనే రకం. పనామా తెగులు దాన్ని దెబ్బతీశాక కావెండిష్ రకం వచ్చింది. ఇప్పుడు దానికీ ఆ తెగులులోనే టీఆర్4 అనే కొత్త రకం పట్టుకుంది, 2019లో కొలంబియా దాకా వచ్చేసింది. ఈ తెగులు తెలిసినవాళ్ల అవసరం ఇప్పట్లో తీరేది కాదు.

ఇక డేటా సైన్స్. డిగ్రీలోనే అందులో చేరడం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. మొదటి ఏడాది నేర్పిన పనిముట్లు డిగ్రీ చేతికొచ్చేసరికి పాతబడతాయి. అంకెలు దేని గురించో తెలియకుండా అంకెలను విశ్లేషించడం నేర్చుకున్న పిల్లలు, ఇంటర్వ్యూలో 'ఏ రంగం తెలుసు?' అని అడిగితే తెల్లమొహం వేయడం చూశాను. గణితం మీద నిజంగా ప్రేమ ఉన్న పిల్లకైతే వద్దనను. మీ అమ్మాయికి ఉందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఆమెకు ఏది ఇష్టమో ఒక్క వాక్యంలో రాశారు, మిగతాదంతా మీకు ఏమనిపించిందో రాశారు. ఇది బాగోలేదండీ.

కష్టాలు దాచను. మొదట్లో ఫ్యాక్టరీ షిఫ్టులు, చల్లటి గిడ్డంగులు, ఊరికి దూరంగా తోటలు ఉంటాయి. జీతం మెల్లగా పెరుగుతుంది. అయినా భయపడకండి. నిల్వ, నాణ్యత, రవాణా తెలిసిన మనిషికి పాలు, చేపలు, మందుల కంపెనీల్లోనూ చోటుంటుంది. డేటా మీద ఆసక్తి తర్వాత పుట్టినా ఒక చిన్న కోర్సు చేసి, ఇథిలీన్ గది అంకెలతోనే మొదలుపెట్టవచ్చు. ఫారం నింపేముందు తోటా, ఫ్యాక్టరీయా అని ఆమెనే అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.