అమ్మాయి పరిశోధనకు పొలం అమ్మాలా, డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడిని, నెలకు 28,000 రూపాయలు వస్తాయి, రెండెకరాల చెల్క ఉంది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన మా అమ్మాయి సీఎస్ఐఆర్ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (పరిశోధన చేసేవారికి కేంద్ర సంస్థ నెలనెలా ఇచ్చే భృతి) సాధించి, జులైలో పీహెచ్‌డీలో చేరుతోంది. నల్లమలలో తేమ నిలిచే చోట, ఎండిపోతున్న చోట ఒకే జాతి చెట్ల ఆకులు, కాండం ఎంత తేడాగా పెరుగుతున్నాయో కొలవడం ఆమె అంశం. ఏడాదికి 1,40,000 అవసరమంటోంది: నెలకొకసారి అడవికి వెళ్లడానికి 9,000 చొప్పున 1,08,000, పరికరాలకు 32,000. ఆమె పెళ్లికని వేసిన 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయాలా, విద్యా రుణం తీసుకోవాలా, అర ఎకరం అమ్మాలా?

జవాబు: పొలం అమ్మవద్దు, విద్యా రుణం జోలికీ పోవద్దు. మీ అమ్మాయికి ఫెలోషిప్‌గా రాబోయేది చిన్న మొత్తం కాదు. మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత పని సంతృప్తికరమని తేలితే మిగిలిన మూడేళ్లు నెలకు 42,000 చొప్పున లెక్కేస్తే ఐదేళ్లకు సరిగ్గా 24 లక్షలు అవుతుంది. హాస్టల్ వసతి లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. ఖర్చుల గ్రాంటుగా ఏటా మరో 20,000 విశ్వవిద్యాలయం ద్వారా అందుతుంది. కాబట్టి మీ ఇంటి ముందున్న సమస్య డబ్బు లేకపోవడం కాదు, అది చేతికి వచ్చే వేళ.

చేరిక పత్రాలు, గైడ్ సంతకాలు, బ్యాంకు వివరాలు పూర్తయి మొదటి విడత జమ కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. అడవి మాత్రం అంతదాకా ఆగదు. తునికి, నల్లమద్ది, చిరుమాను వంటి చెట్లు ఎండాకాలంలో ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తాయి, ఆకు పూర్తిగా విచ్చుకుని కొలతకు పనికొచ్చేది వానాకాలం చివర్లోనే. ఈ సెప్టెంబరు, అక్టోబరు నెలలు చేజారితే ఆ కొలతకు మళ్లీ ఏడాది ఆగాలి. ఐదేళ్ల ఫెలోషిప్‌లో ఒక ఏడాది అంటే ఎంత విలువో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటి డబ్బు ఆ ఒక్క అంతరాన్ని దాటించడానికే వాడాలి, పరిశోధనను ఐదేళ్లూ మోయడానికి కాదు.

ఇక బడ్జెట్ చూద్దాం. పరికరాలకు వేసిన 32,000 నాకు ఎక్కువగా తోస్తోంది. ఆకు విస్తీర్ణం కొలవడానికి మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానరు, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ చాలు. ఆకులను ఆరబెట్టే ఓవెన్, బరువు తూచే సున్నిత త్రాసు సాధారణంగా వృక్షశాస్త్ర విభాగంలోనే ఉంటాయి. కాండం చుట్టుకొలతకు టేపు చాలు. అమ్మాయి ముందు విభాగంలో ఏమున్నాయో చూసుకుని, లేనివి మాత్రమే కొంటే ఈ పద్దు 10,000 లోపే తేలవచ్చు. ప్రయాణాల విషయం గైడ్‌ను అడిగి తేల్చుకోవాలి. చిగురు వేసే తేదీలను గమనించడమే అంశమైతే నెలనెలా వెళ్లక తప్పదు, కానీ ఎదిగిన ఆకు రూపమే అంశమైతే ఏడాదికి ఆరు సార్లు సరిపోవచ్చు. అప్పుడు ప్రయాణానికి 54,000, పరికరాలకు 10,000, మొత్తం 64,000. అందులో గ్రాంటు 20,000 పోగా మిగిలే 44,000ను ఫెలోషిప్ నుంచి నెలకు సుమారు 3,700 పక్కన పెట్టి తీర్చుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఆమె కొలిచే చెట్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంటే, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అటవీ శాఖ ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. అమ్మాయి పీహెచ్‌డీలో చేరిన వారంలోనే ఆ దరఖాస్తు పంపాలి, కాగితం చేతికి వచ్చేదాకా వాహనానికీ గదికీ అడ్వాన్సు ఇవ్వవద్దు.

డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. అందుకని దాన్ని అలాగే ఉంచి, అదే బ్యాంకులో దానిపై ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్ హామీగా, పరిమితి మేరకు కావలసినప్పుడు వాడుకునే అప్పు) అడగండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు, వాడిన మొత్తానికి, వాడిన రోజులకే వడ్డీ పడుతుంది. పరిమితి 1,80,000 చాలు: ఆరు నెలల బసకు, భోజనానికి నెలకు 20,000 చొప్పున 1,20,000, అడవి పనికి మిగతాది. ఫెలోషిప్ బకాయిలన్నీ ఒకేసారి జమ అయిన రోజున ఆ అప్పు మొత్తం తీర్చేయాలని ఇద్దరూ ఇప్పుడే మాట అనుకోండి.

పెళ్లికని దాచిన డబ్బు కదా అని మీకు మనసులో సంకోచం ఉండవచ్చు, నేను దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఈ పద్ధతిలో ఆ 6 లక్షలూ ఎక్కడికీ పోవు. అడవిలో తిరిగే పని కనుక, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఆమె పేరు జులైకి ముందే చేర్పించండి.