రాణి లేని పెట్టెకు కొత్త రాణిని కొనాలా?

ప్రశ్న: సంక్రాంతికి రెండు పుట్ట తేనెటీగల పెట్టెలు కొని మామిడి, జీడిమామిడి తోటలో ఆరడుగుల ఎడంలో పెట్టాం. పూత కాలంలో ఈగలు బాగా పెరిగాయి. ఏప్రిల్ మధ్యలో, ఈగలు పిల్లలను పెంచే కింది గదిలో పట్లు కూడా కోసి, పిండి తేనె తీశాం. ఇప్పుడు జూన్ ఆఖరు. మొదటి పెట్టెలో ఈగలు పలచబడ్డాయి. ఉన్నవాటిలో నల్లటి లావు ఈగలే ఎక్కువ. ఒక్కో అరలో రెండు మూడు గుడ్లు కనిపిస్తున్నాయి. రెండో పెట్టెలో రాణి ఉంది గాని పట్లకు బూజులాంటి గూళ్లు, తెల్ల పురుగులు పట్టాయి. పెట్టెలు అమ్మినాయన కొత్త రాణిని కొని వదలమంటున్నాడు. పక్క రైతు బెల్లం పానకం పెట్టమంటున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: రాణిని కొనకండి, బెల్లం పెట్టకండి. మొదటి పెట్టెను విడిగా బతికించే ప్రయత్నం మానేసి, అందులో మిగిలిన ఈగలను రెండో పెట్టెలో కలుపుకోండి. అయితే ఆ పని ఈ రోజే కాదు, రెండో పెట్టెను బాగు చేశాక.

మొదటి పెట్టెలో మీరు చూసిన లావు ఈగలు పోతుటీగలు, అంటే మగవి. జూన్‌లో పూలు తక్కువ. రాణి ఉన్న పెట్టె ఈ రోజుల్లో పోతుటీగలను మేపదు, బయటికి గెంటేస్తుంది. అవి ఇంకా గుంపుగా ఉన్నాయంటేనే రాణి మీద అనుమానం రావాలి. అరకు రెండు మూడు గుడ్లు ఆ అనుమానాన్ని ఖాయం చేస్తున్నాయి. రాణి పొట్ట పొడుగు కాబట్టి గుడ్డును అర అడుగున, మధ్యలో ఒక్కటే నిలబెడుతుంది. రాణి లేనప్పుడు పనులు చేసే కూలి ఈగలే గుడ్లు పెడతాయి, కాని వాటి పొట్ట అడుగుదాకా అందదు. అందుకే వాటి గుడ్లు అర గోడలకు అంటుకుని, అడ్డదిడ్డంగా, ఒకేచోట రెండు మూడు ఉంటాయి. కొత్తగా గుడ్లు మొదలుపెట్టిన రాణి కూడా మొదటి కొద్ది రోజులు ఒక అరలో రెండు పెట్టవచ్చు, కానీ అవి అడుగునే ఉంటాయి. ఇంకో గుర్తు మూసిన అరల మీద చూడండి. కూలి ఈగల పిల్ల మూత చదునుగా ఉంటుంది. పోతుటీగల మూత గోపురంలా పైకి లేచి ఉంటుంది. పుట్ట తేనెటీగల్లో ఆ గోపురం కొసన సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం కూడా ఉంటుంది. చిన్న అరల్లో ఇలాంటి మూతలు అక్కడక్కడా లేచి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

కూలి ఈగలు కూడా ఆడవే, కాని మగ ఈగతో జతకట్టవు. జతకట్టని ఈగ గుడ్డు నుంచి పోతుటీగే పుడుతుంది. రాణి వాసన, మూత పడని పిల్ల వాసన పెట్టెలో ఉన్నంతకాలం కూలి ఈగలు గుడ్ల జోలికి పోవు. ఆ రెండూ పోతే మొదలుపెడతాయి. ఇటాలియన్ ఈగల కంటే పుట్ట తేనెటీగల్లో ఇది త్వరగా వస్తుంది.

రాణి ఎప్పుడు పోయిందో మీరు రాసిన తేదీలే చెబుతున్నాయి. పుట్ట తేనెటీగల్లో గుడ్డు పెట్టిన సుమారు 20 రోజులకు కూలి ఈగ బయటికి వస్తుంది. పని ఎక్కువగా ఉన్న కాలంలో ఆరు వారాలకు మించి బతకడం అరుదు. ఏప్రిల్ మధ్యలో రాణి పోతే ఆఖరి కూలి ఈగలు మే మొదట్లో పుట్టి, జూన్ సగానికి రాలిపోవడం మొదలవుతుంది. మీ పెట్టె పలచబడిందీ అప్పుడే. పట్లు కోసేటప్పుడు రాణి నలిగి ఉండాలి. రాణి పోయినా 3 రోజుల లోపు పిల్ల పురుగు పెట్టెలో ఉంటే ఈగలు దాన్నే మేపి కొత్త రాణిని చేసుకుంటాయి. గుడ్డు నుంచి లెక్కేస్తే అది 16 రోజుల పని. మీరు పిల్ల ఉన్న పట్లు కూడా పిండేశారు కాబట్టి ఆ దారీ మూసుకుపోయి ఉంటుంది. లేదా కొత్త రాణి పుట్టి, జతకట్టడానికి ఎగిరినప్పుడు ఏ ఏట్రింత పిట్టో పట్టేసి ఉంటుంది.

గుడ్లు పెట్టడానికి అలవాటు పడిన కూలి ఈగలు కొన్న రాణిని చాలావరకు చంపేస్తాయి. డబ్బు దండగ.

ఇక రెండో పెట్టె. ఆ బూజు గూళ్లు మైనపు పురుగువి. దాని చిమ్మట రాత్రిపూట వచ్చి పెట్టె సందుల్లో గుడ్లు పెడుతుంది. పురుగు మైనం ఒక్కటే తినదు, పాత పట్టులో మిగిలిన పుప్పొడి, పిల్లలు వదిలిన పొరలు దానికి ఇష్టం. అందుకే నల్లబడిన పాత పట్లే ముందు పోతాయి. బలమైన పెట్టెలో ఈగలు పురుగును ఈడ్చి బయట పడేస్తాయి. మీ పెట్టెలో ఈగలు కప్పలేని పట్లు మిగిలాయి, పురుగు అక్కడే కాపురం పెట్టింది. ఈగలు రెండు పక్కలా కప్పి ఉన్న ఫ్రేములనే (పట్టు కట్టిన చట్రాలనే) ఉంచి, మిగతావన్నీ తీసేయండి. ఉంచినవాటిని దగ్గరికి జరిపి, పక్కన ఖాళీ చోటును వేరు చేసే డమ్మీ పలక పెట్టండి. అడుగు పలక మీది చెత్త గీకి కాల్చేయండి, ఆ చెత్తలోనే పురుగులు పెరుగుతాయి. వారానికోసారి మళ్లీ గీకండి. గూళ్లు పట్టిన పట్లను కరిగించి మైనం తీసుకోండి. బాగున్న ఖాళీ పట్లను డీప్ ఫ్రీజర్‌లో ఒక రోజు ఉంచితే గుడ్లతో సహా పురుగులు చస్తాయి, తర్వాత గాలి చొరని డబ్బాలో దాచండి. నాఫ్తలిన్ గోళీలు వెయ్యమని ఎవరైనా చెబితే వద్దనండి. ఆ వాసన మైనానికి పట్టి తేనెలోకి దిగుతుంది.

రెండు పెట్టెలను కలిపే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. రెండో పెట్టెలో మూత సగం తీసి ఉన్న అరలు కనిపిస్తే పిల్ల పురుగును అగ్గిపుల్లతో మెల్లగా పైకి తీయండి. అది తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచిలా వస్తే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ అనుకోవాలి. 1991, 92 ప్రాంతంలో దక్షిణాదిలో పుట్ట తేనెటీగలను తుడిచిపెట్టిన రోగం ఇదే. దీనికి మందు లేదు. ఆ గుర్తు కనబడితే పెట్టెలు కలపకండి, ఒక పెట్టె ఫ్రేములు ఇంకోదానిలో పెట్టకండి, వెంటనే కృషి విజ్ఞాన కేంద్రానికి తెలియజేయండి.

రోగం లేకపోతే, శుభ్రం చేసిన వారానికి కలపండి. రెండో పెట్టె రాణిని జాలీ పంజరంలో పెట్టి, పిల్ల ఉన్న పట్ల మధ్య వేలాడదీయండి. జాలీలోంచి దాని ఈగలే మేపుతాయి. వాన లేని రోజు పదకొండు గంటల వేళ మొదటి పెట్టెను ముప్పై నలభై గజాల దూరం తీసుకెళ్లి, ఫ్రేములన్నీ గడ్డి మీద దులిపేయండి. పాత చోట పెట్టె, స్టాండు రెండూ ఉంచకండి. ఇంటికి తిరిగొచ్చిన ఈగలు పక్క పెట్టెలోకే చేరతాయి. గుడ్లు పెట్టే కూలి ఈగలు ఎగరలేక అక్కడే ఉండిపోతాయని కొందరు చెబుతారు, అది నిజం కాదు. అవీ తిరిగొచ్చి రాణిని చంపవచ్చు, పంజరం అందుకే. మూడో రోజు సాయంత్రం చూడండి. ఈగలు పంజరాన్ని కసిగా కొరుకుతూ గుంపు కడితే ఇంకో రెండు రోజులు ఆగండి, నెమ్మదిగా తిరుగుతుంటే వదలండి. మొదటి పెట్టెలోని పోతుటీగల పిల్ల ఉన్న పట్లు కరిగించేయండి.

మేత విషయానికొస్తే, బెల్లంతో ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. బజారు తేనె కూడా వద్దు, అందులో వేరే పెట్టెల రోగాలు రావచ్చు. వారానికి 200 గ్రాముల పంచదార అంతే నీటిలో కరిగించి, చల్లార్చి, సందె చీకటి పడ్డాక పెట్టె లోపలే పెట్టండి. ఈగలు మునిగిపోకుండా గిన్నెలో నాలుగు పుల్లలు వేయండి. బయట చుక్క ఒలికినా చీమలు, పక్క ఈగలు దోపిడీకి దిగుతాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు ఎండనివ్వకండి. ద్వారం రెండు ఈగలు పట్టేంత సన్నం చేయండి. వాన నీరు లోపల నిలవకుండా పెట్టెను ముందుకు కొంచెం వాల్చండి.

గుడ్డు కనబడటం లేదని చాలామంది కొత్తవాళ్లు అంటారు. ఎండ మీ భుజం వెనక నుంచి పట్టు మీద పడేలా నిలబడి, ఫ్రేమును కొంచెం ముందుకు వంచి అర అడుగులోకి చూడండి. తెల్లటి దారం ముక్కలా కనిపిస్తుంది. అది అడుగున మధ్యలో, అరకు ఒక్కటే కనబడితే మూడు రోజుల కిందటి దాకా రాణి ఉన్నట్టే, రాణి కోసం పెట్టె అంతా వెతకనక్కర్లేదు.

వచ్చే ఏడాది తేనె పై గదిలోదే తీయండి, అదీ పట్టులో ముప్పాతిక వంతు అరలకు మూత పడ్డాకే. పిండకండి, తిప్పే యంత్రంలో తీస్తే పట్టు ఈగలకే మిగులుతుంది. కింది గదిలోది వాటి వానాకాలం తిండి. జీడిమామిడికి టీ దోమ మందు కొడితే, పొరుగువారితో మాట్లాడి సాయంత్రం ఈగలు తిరిగొచ్చాక కొట్టించండి.

కొత్త పెట్టె ఇప్పుడు కొనకండి. కలిపిన పెట్టెలో నవంబరుకు ఐదారు ఫ్రేములు ఈగలతో నిండితే, మామిడి పూత ముందు దాన్నే రెండుగా విడదీసుకోవచ్చు. అప్పుడు పోతుటీగలు తిరుగుతున్నాయో లేదో చూసి మొదలుపెట్టండి, అవి లేకుండా కొత్త రాణి జతకట్టలేదు.