జపాన్‌లో నాలుగు ఊళ్లకు రైలు పాస్ అవసరమా?

టోక్యో, క్యోటో, హిరోషిమా, ఒసాకా తిరిగి మళ్లీ టోక్యో నుంచే ఫ్లైట్ ఎక్కుతామన్నారు, 7 రోజుల జేఆర్ పాస్ (ఒకసారి డబ్బు కట్టి అన్ని రోజులూ జపాన్ రైల్వేస్ రైళ్లెక్కే టికెట్) కొనాలా అని అడిగారు. నా మాట వింటే పాస్ వద్దు, ముందు తిరుగు ఫ్లైట్ మార్చండి. ఒసాకా దగ్గరి కన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరితే టోక్యోకు వెనక్కి వచ్చే పనే ఉండదు. 2023 అక్టోబరులో పాస్ ధర 50,000 యెన్‌లకు పెరిగింది. విడి టికెట్లయితే టోక్యో-క్యోటో దాదాపు 14,000, క్యోటో-హిరోషిమా 11,000, అక్కణ్ణుంచి ఒసాకాకు పదివేల చిల్లర. పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజొమి రైలెక్కాలంటే పాస్ ఉన్నా అదనంగా కట్టాలి.

అసలు చూసుకోవాల్సింది సామాన్లు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెం.మీ. దాటితే, పెద్ద లగేజీకి చోటున్న సీటే రిజర్వ్ చేసుకోవాలి. దానికి వేరే చార్జీ లేదు, చెయ్యకుండా ఎక్కితే మాత్రం వడ్డిస్తారు. క్యోటోలో రైలు ఆగేది ఒకట్రెండు నిమిషాలే, కాబట్టి ముందే లేచి తలుపు దగ్గర నిలబడండి. లేదంటే పెద్ద పెట్టెల్ని హోటల్ నుంచి హోటల్‌కు కొరియర్‌లో పంపేసి, చిన్న బ్యాగుతో హాయిగా వెళ్లండి.

సీట్ల బుకింగ్ నెల ముందు తెరుస్తారు. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ‘ఇ’ (E) సీటు తీసుకోండి. మబ్బు లేకపోతే ఫుజి కొండ అటువైపే కనిపిస్తుంది.